మీ ఊరి ఫుట్‌బాల్ కప్పు చరిత్ర రాయాలంటే ముందు కప్పు తిరగేసి చూడండి

మాది బొబ్బిలి దగ్గర ఊరు. సంక్రాంతికి ఫుట్‌బాల్ కప్పు ఆడతారు మా ఊళ్లో, కనుమ నాడు ఫైనల్. మొన్నామధ్య మా మేనల్లుడు "మావయ్యా, ఈ కప్పు ఎప్పట్నుంచి ఆడుతున్నారు?" అని అడిగితే అరుగు మీద కూర్చున్న నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. ఒకాయన యాభై ఏళ్లన్నాడు, ఇంకొకాయన తన తాతే మొదలెట్టాడన్నాడు, మిగతా ఇద్దరూ వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట్లో ఆడినవాళ్లలో సగం మంది ఇప్పటికే పోయారు, మిగిలినవాళ్లకి ఎనభై దాటేసింది, ఇంకో అయిదేళ్లాగితే అడగడానికి మనిషి ఉండడు. అందుకే రెండేళ్లు తిరిగి రాసుకున్నాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇలాంటి కప్పులు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నాయి, మీరూ మొదలెడతారని నేను చేసిన పద్ధతి చెప్తున్నా.

మొదట కప్పు దగ్గరికి వెళ్లండి, మనుషుల దగ్గరికి తర్వాత. రోలింగ్ కప్పయితే, అంటే ఏటా గెలిచినవాళ్ల చేతికి మారే కప్పయితే, కింద చెక్క దిమ్మ చుట్టూ చిన్న చిన్న రేకులు కొట్టుంటారు, ఒక్కో రేకు మీద ఏడాదీ గెలిచిన టీమ్ పేరూ ఉంటాయి, అదే మీ అసలు రిజిస్టరు. దయచేసి దాన్ని తోమకండి. మా దగ్గర ఎవరో మంచి మనసుతోనే చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేశారు, దాంతో మూడు రేకుల మీద అక్షరాలు అరిగిపోయాయి. నేనేం చేశానంటే పల్చటి కాగితం రేకు మీద పెట్టి, పెన్సిల్‌ని పడుకోబెట్టి మెల్లగా రుద్దాను, రెండింటి మీద పేర్లు తేలాయి. మూడోదానికి చీకట్లో సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి ఏటవాలుగా వేస్తే ఒక "7" కనిపించింది, దాని పక్కన సగం సున్నా, అంతే. అదీ ఫొటో తీసి దాచుకున్నా, సగం సున్నా కూడా పనికొస్తుంది.

తర్వాత కప్పు మీద జిల్లా పేరు చూడండి. ఇది మన వైపు వాళ్లకి దొరికిన మంచి ఆధారం. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న పుట్టింది. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు వైపు అంతకుముందు శ్రీకాకుళం జిల్లా, విజయనగరం టౌనేమో విశాఖపట్నం జిల్లా. అంటే బొబ్బిలి పక్క ఊరి కప్పు మీద "శ్రీకాకుళం జిల్లా" అని చెక్కుంటే అది చాలావరకు 1979కి ముందుదే. మా కప్పు మీద అలాగే ఉంది, దాంతో అరుగు మీద గొడవ సగం తీరిపోయింది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ మారాయి కదా, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి, కాబట్టి మీ పట్టికలో ఊరి పేరు పక్కన ఇప్పటి జిల్లా వేరే, అప్పటి జిల్లా వేరే రాసుకోండి. బి.ఎన్.ఆర్. అని కనిపిస్తే అది బెంగాల్ నాగపూర్ రైల్వే, 1952లో అది ఈస్టర్న్ రైల్వేలో కలిసింది, 1955లో మళ్లీ విడిపోయి సౌత్ ఈస్టర్న్ అయింది. జనం నోట మాత్రం పాత పేరు చాలాకాలం నిలిచింది కాబట్టి ఒక్క ఆ మాట చూసి ఏడాది తేల్చేయకండి.

కప్పు మీద ఏళ్లు ఉన్నట్టుండి ఎక్కడో మొదలైతే దానికి ముందు ఇంకో కప్పు ఉండేదేమో అడగండి. వరసగా మూడేళ్లు గెలిచినవాళ్లకి కప్పు సొంతం అనే రూలు చాలా చోట్ల ఉండేది, ప్రపంచ కప్పులో కూడా మూడుసార్లు గెలిచినందుకే 1970లో బ్రెజిల్‌కి పాత కప్పు ఉంచేశారు. మా పాత కప్పు పక్క ఊళ్లో ఒకరింట్లో దేవుడి గది అటక మీద దొరికింది, వాళ్ల నాన్న కెప్టెన్‌గా ఉన్నప్పుడు తెచ్చుకున్నదట.

ఇప్పుడు మనుషులు. పెద్దవాళ్లని "ఏ సంవత్సరం?" అని అడగొద్దు, చెప్పలేరు, చెప్పినా తప్పు చెప్తారు. అప్పటికి మీకు పెళ్లయిందా, పెద్ద పాప పుట్టిందా, ఊళ్లోకి కరెంటు వచ్చిందా అని అడగండి. మా పెదనాన్న వరసాయన ఒకాయన ఒక ఫైనల్ గురించి చెప్తూ "ఏడాది నాకేటి తెలుస్తాది బాబూ, రామారావు గెలిసిన పండగ అది" అన్నాడు. ఇంకేం కావాలి? 1983 జనవరి 5న ఎన్నికలు, 9న ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం, ఆ వెంటనే సంక్రాంతి. ఆ ఒక్క మాటతో ఆ ఫైనలూ, దానికి ముందు రెండేళ్ల ఫైనళ్లూ కుదురుకున్నాయి.

ఆడవాళ్లని అడగడం మర్చిపోకండి, ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నా. బయటి టీములు బడి వరండాలో పడుకునేవి, అన్నం మాత్రం ఇళ్ల నుంచే వెళ్లేది. మా మేనత్తకి గోల్ అంటే కూడా తెలీదు. కానీ "ఒక ఏడు రైల్వే వోళ్లొచ్చినారు, పదమూడు మంది, ఆట తేలనేదని ఇంకో రెండు రోజులుండిపోతే బియ్యం చాలక పక్కింట్లో బదులు తెచ్చినాను" అని చెప్పింది. ఆట తేలలేదు అంటే డ్రా, రెండు రోజులున్నారంటే రీప్లే, అదే మ్యాచ్ మళ్లీ ఆడారన్నమాట! అప్పటిదాకా మగవాళ్లంతా ఆ ఫైనల్ పెనాల్టీల మీద గెలిచామని చెప్తున్నారు.

ఆట రూల్స్ తెలిస్తే ఇలాంటివి పట్టుకోవచ్చు. పెనాల్టీ షూటౌట్ రూలు పుస్తకంలోకి వచ్చింది 1970లో, అంతకుముందు ఎక్కువగా రీప్లే, లేదంటే టాస్, లేదంటే ఇద్దరికీ కలిపి కప్పు. ఎవరైనా 1965లో షూటౌట్ మీద గెలిచాం అంటే ఏడాదన్నా తప్పు, షూటౌటన్నా తప్పు. ఎల్లో కార్డూ రెడ్ కార్డూ ప్రపంచ కప్పులోకి మొదట తెచ్చింది కూడా 1970లోనే, అప్పటి నలుపు తెలుపు ముక్కల బంతి మన పల్లెలకి చేరింది ఆ తర్వాతే. ఫొటోలో లేసు కట్టిన గోధుమరంగు తోలు బంతి ఉంటే పాతదని ఒక అంచనాకి రావచ్చు, అంచనాకే సుమా. కాళ్లకి బూట్లు లేవని మాత్రం పాతది అనుకోవద్దు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడారు నిజమే, కానీ మా ఊళ్లో నేను చూస్తుండగా కూడా వట్టి కాళ్లతోనే ఆడారు. ఫొటో వెనక్కి తిప్పి స్టూడియో ముద్ర చూడండి, అది ఎక్కువ చెప్తుంది.

"మా తాత సంతోష్ ట్రోఫీ ఆడాడు" అనే మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. రాష్ట్రాల టీములు ఆడే ఈ సంతోష్ ట్రోఫీ 1941లో మొదలైంది, మొదటి కప్పు బెంగాల్‌ది. 1953 అక్టోబర్ దాకా మనం మద్రాసు రాష్ట్రం, తర్వాత ఆంధ్ర, 1956 నవంబర్ నుంచి ఆంధ్రప్రదేశ్, హైదరాబాద్ టీమ్ వేరు. 1956-57, 1957-58 వరసగా గెలిచింది హైదరాబాద్ పేరు మీద, 1965-66 గెలిచింది ఆంధ్రప్రదేశ్ పేరు మీద, అదీ బెంగాల్‌తో డ్రా అయ్యాక రీప్లేలో. కాబట్టి తాత ఏ ఏడాది, ఏ రాష్ట్రం జెర్సీ వేసుకున్నాడో కనుక్కోండి, సర్టిఫికెట్టో టీమ్ ఫొటోనో ఉంటే సరే, లేకపోతే "ఇంట్లోవాళ్ల మాట" అని పక్కన రాయండి. వాళ్లని తక్కువ చెయ్యడం కాదు అది, రేపు ఎవరికైనా కాగితం దొరికితే చేర్చడానికి చోటుంచడం.

పేపర్ల సంగతి. ఈనాడు 1974 ఆగస్టులో విశాఖపట్నంలోనే మొదలైంది, కాబట్టి ఆ తర్వాతి కప్పుల వార్తలకి మనకి దగ్గరి పేపరది, అంతకుముందువాటికి ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ చూడాలి. జిల్లా గ్రంథాలయంలో పాత ఫైళ్లున్నాయేమో అడగండి. ఒక చిన్న చిక్కుంది, పండక్కి పేపరాఫీసులకి సెలవు, కనుమ ఫైనల్ వార్త మర్నాడే దొరక్కపోవచ్చు, రెండు మూడు రోజులు ముందుకి తిరగేస్తే లోపలి పేజీలో నాలుగు లైన్లు కనిపిస్తాయి. పేపర్లో లేనివి చందా పుస్తకాల్లో, ఫిక్చర్లు, అంటే ఎవరితో ఎవరికి ఎప్పుడు ఆటో, వేసిన కరపత్రాల్లో దొరుకుతాయి, అవి కమిటీ సెక్రటరీల ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉంటాయి. మా దగ్గర 1980ల కరపత్రం ఒకటి పాత క్యాలెండర్ వెనక అట్టలా అంటించి దొరికింది.

మధ్యలో ఏళ్లు ఖాళీగా ఉంటే కంగారుపడి ఎవరి పేరో ఒకటి నింపేయకండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చాయి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడితోటలు పడిపోయాక వచ్చిన పండక్కి కప్పు గురించి ఆలోచించేవాళ్లెవరు? తర్వాత కరోనా ఉండనే ఉంది. ఆడలేదు అని రాయండి, ఎందుకో కూడా రాయండి, అదీ చరిత్రే.

నా నోటుబుక్కులో ఒక్కో ఏడాదికి ఒక పేజీ పెట్టాను. గెలిచిన టీమ్, ఓడిన టీమ్, స్కోరు, గోల్ కొట్టినవాళ్లు, రిఫరీ, గ్రౌండు, చివర్లో ఈ సంగతి ఎక్కడిది అన్నది, అంటే కప్పు మీదిదా, పేపరుదా, మనిషి చెప్పిందా. మనిషి చెప్పిందైతే రెండు వేర్వేరు ఊళ్లవాళ్లు చెప్పేదాకా పెన్సిల్‌తోనే రాశా. ఓడినవాళ్ల ఊరికి తప్పకుండా వెళ్లండి. గెలిచినవాళ్లకి గెలుపే గుర్తుంటుంది, ఓడినవాళ్లకి ఆ గోల్ ఎక్కణ్నుంచి పడిందో, ఎండ ఎటుందో కూడా గుర్తుంటుంది. ఇళ్లలో తీసుకున్న ఫొటోలు స్కాన్ చేసి వారంలోపే తిరిగిచ్చెయ్యండి, ఒక్కటి పోయినా ఆ ఊళ్లో ఇంకెవరూ తలుపు తియ్యరు.

అంతా అచ్చు వెయ్యకముందు ఒక పని చెయ్యండి. భోగి రోజు పొద్దున్నే మేం గ్రౌండు గోడకి మొత్తం పట్టిక అంటించి, తెలియని చోట్ల ఖాళీలొదిలి, పక్కన పురికొసతో పెన్ను కట్టాం. సాయంత్రానికి పదకొండు ఖాళీలు నిండాయి. కనుమ నాడు ఫైనల్ హాఫ్ టైమ్‌లో పక్క ఊరి తాతొకాయన మనవడి బండి మీద వచ్చాడు, కళ్లద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చి 1983 దగ్గర ఆగాడు. వాళ్ల టీమ్ ఓడిన ఏడు అది. మేం 2-0 అని రాశాం. "రొండోది గోల్ కాదు బాబూ, ఆఫ్‌సైడు, రిఫరీ కొట్టేసినాడు, ఒకటే గోలు" అని పెన్ను అందుకుని తనే దిద్దాడు. మా ఊరి గోల్‌కీపర్‌ని పిలిచి అడిగితే కాసేపు ఆలోచించి, అవును, ఒకటే అన్నాడు. ఇప్పుడు పుస్తకంలో 1-0 అనే ఉంది.