‘ఫోర్‌స్వేర్’ ఎదురైతే అర్థం ఇలా తేల్చుకోండి

షేక్‌స్పియర్ నాటకంలోనో, ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్‌లోనో ఫోర్‌స్వేర్ (forswear) అనే క్రియ తగిలిందనుకోండి. డిక్షనరీ రెండు అర్థాలు చూపిస్తుంది: దేన్నైనా ఒట్టేసి వదిలేయడం, దొంగ ప్రమాణం చేయడం. ఈ రెంటికీ పొంతనేంటని టెన్షన్ పడకండి, ముందు ఆ మాట తర్వాత ఏముందో చూడండి.

‘హిమ్‌సెల్ఫ్’, ‘దైసెల్ఫ్’ లాంటివి ఉంటే దొంగ ప్రమాణమే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో మత్తయి 5:33 తీయండి, అక్కడ ‘ఫోర్‌స్వేర్ దైసెల్ఫ్’ కనిపిస్తుంది. తెలుగు బైబిల్‌లో అదే చోట ‘అప్రమాణము చేయక’ అని ఉంటుంది, ఎంత చక్కగా అతికిందో చూడండి. అలా కాకుండా హింసో, మందో, అణ్వాయుధాలో ఉంటే వాటి జోలికి ఇక పోనని గట్టిగా వదిలేయడం. పేపర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

మరి ఒక మనిషి ‘ఫోర్‌స్వోర్న్’ అయ్యాడని ఉంటే? ఒట్టు తప్పాడని, లేదా అబద్ధపు ఒట్టు వేశాడని. ఇది వంటబట్టాలంటే షేక్‌స్పియర్ నాటకం ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ చదవండి. నవార్ రాజు, ముగ్గురు ప్రభువులు మూడేళ్లపాటు చదువే లోకంగా ఉంటామని, ఆడవాళ్లను కలవమని ప్రమాణం చేస్తారు. ఫ్రాన్స్ రాకుమారి తన చెలికత్తెలతో రాగానే నలుగురూ ప్రేమలో పడిపోతారు, ఇక ఆ ఒట్టు తప్పడమే అసలు ధర్మమని ఆ ప్రభువుల్లో ఒకడైన బిరోన్ లేచి పెద్ద వాదన చేస్తాడు. మన ‘ఒట్టు తీసి గట్టున పెట్టు’ అనే మాటను అంత అందంగా సమర్థించిన సీన్ ఇంకోటి నేను చదవలేదు.

ఇక మూలం. పాత ఇంగ్లిష్‌లో ఇది ‘ఫోర్‌స్వెరియన్’, రెండు అర్థాలూ అప్పటివే. ‘స్వెరియన్’ అంటే ప్రమాణం చేయడం; ఆన్సర్ అనే మాట కూడా ఈ కుటుంబందే, మొదట్లో అది ఆరోపణకు ఎదురుగా ప్రమాణం చేసి చెప్పే జవాబు. ముందున్న ‘ఫోర్’కి దూరంగా, తప్పుగా అనే ఛాయలున్నాయి, ఫర్‌సేక్ (వదిలేయడం), ఫర్బిడ్ (నిషేధించడం) మాటల్లో ఉన్నదీ ఇదే. ఒట్టేసి దూరం పెట్టడం, తప్పుడు ఒట్టు వేయడం, రెండూ అందులోంచే వచ్చాయి. ఫోర్‌సీ (foresee, ముందే ఊహించడం) అనే మాటలో ఉండే ‘ముందు’ అనే అర్థం దీనికి లేదు, అందుకే స్పెల్లింగ్‌లో ఆర్ తర్వాత ‘ఇ’ (e) పెట్టకండి.

మీరే రాసేటప్పుడు, కాఫీ మానేయడానికి గివ్ అప్ చాలు. ఒట్టంత బరువున్న చోటే దీన్ని వాడండి. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి ఇప్పటి మాట పర్జురీ.