మగవాళ్ళు జుట్టు పెంచేటప్పుడు మధ్యలో వచ్చే ఇబ్బందిని ఎలా దాటాలి?

మన ఒడిశా వైపు బరంపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా జుట్టు పెంచుతానని మొదలుపెట్టిన కుర్రాళ్ళలో చాలామంది ఆరో నెలకల్లా మళ్ళీ సెలూన్ కుర్చీలో కనిపిస్తారు. వాళ్ళ జుట్టులో లోపమేమీ లేదు. చెవుల మీద ఉబ్బి, మెడ మీదికి దిగి, ముందేమో కళ్ళలో పడే ఆ మధ్యకాలాన్ని ఎలా నెట్టుకురావాలో చెప్పేవాళ్ళు లేక ఓడిపోతున్నారు. పొడవు జుట్టుకు కావలసింది ఓర్పు ఒక్కటే అంటారు. నేను ఒప్పుకోను. కత్తెర కూడా కావాలి. అది ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో తెలియాలి.

ముందు లెక్క చూసుకోండి. తల జుట్టు నెలకు సుమారు అర అంగుళం, ఏడాదికి 6 అంగుళాలు పెరుగుతుంది. నూనె మార్చినా షాంపూ మార్చినా ఈ వేగం పెరగదు. పొట్టి క్రాపు భుజాల దాకా రావాలంటే దాదాపు రెండేళ్ళు. అందులో నిజంగా విసిగించేది నాలుగో నెల నుంచి పదో నెల దాకా.

1. రథయాత్ర వెళ్ళాక మొదలుపెట్టండి

మన వైపు చాలామంది అయ్యప్ప మాలతో మొదలుపెడతారు. 41 రోజులు ఎలాగూ క్షవరం ఉండదు కదా, ఇక అలాగే ఉంచేద్దాం అనుకుంటారు. కానీ కార్తీకంలో మొదలుపెడితే ఆ విసిగించే నెలలు సరిగ్గా ఎండాకాలంలో వచ్చి పడతాయి. బరంపురానికి గోపాలపురం సముద్రం దగ్గర. ఆ ఉక్కలో జుట్టు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, మెడ మీద చెమట పట్టి దురద పెడుతుంది. చాలామంది కత్తెర వైపు చూసేది అప్పుడే.

ఆషాఢంలో రథయాత్ర ముగిశాక చివరి క్రాపు చేయించుకుని మొదలుపెడితే ఆ నెలల్లో ఎక్కువ భాగం చలికాలంలో గడిచిపోతుంది. రాయగడ, కోరాపుట్ కొండల వైపు వాళ్ళకు మరీ సులువు. ఆ చలిలో ఉన్ని టోపీ పెట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. మళ్ళీ ఎండలు ముదిరేసరికి నడినెత్తి జుట్టు చిన్న ముడికి అందుతుంది. ఇప్పటికే మాలతో మొదలుపెట్టినవాళ్ళు ఆపనక్కర్లేదు, కింద రాసినవి ఇంకొంచెం శ్రద్ధగా పాటిస్తే చాలు.

2. మొదటి మూడు నెలలు

చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. మెడ మీద నూగును శుభ్రంగా తీయించుకోండి, గడ్డం సరిచేసుకోండి. పైన చేయి వేయనివ్వకండి.

3. మెడ వెనక కత్తిరించండి, పైన వదిలేయండి

అసలు కిటుకు ఇక్కడ ఉంది. నడినెత్తి జుట్టు మెడ దాకా రావాలంటే చాలా దూరం దిగాలి. మెడ మీది జుట్టు మొదటి నుంచీ అక్కడే ఉంది. అందుకే రెండూ ఒకే వేగంతో పెరిగినా వెనక భాగం తోకలా వేలాడుతూ ముందు చిన్నబోయినట్టు కనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి ఆ వెనక భాగాన్ని మాత్రమే తగ్గించుకుంటూ పోతే, పైది వచ్చి కలుసుకునే దాకా తల తీరుగా ఉంటుంది.

సెలూన్‌లో "కాస్త సరిచేయండి" అన్నారంటే అయిపోయినట్టే. అలవాటు కొద్దీ చెవుల చుట్టూ మెషీన్ తిరుగుతుంది, ఆరు నెలల పెంపకం ఆరు నిమిషాల్లో నేల మీద ఉంటుంది. మెడకు గుడ్డ కట్టకముందే మాట్లాడండి. వేలితో మెడ మీద గీత గీసి చూపించి, "ఇక్కడికి మాత్రమే, మెషీన్ వద్దు, కత్తెరతోనే" అని చెప్పండి. కత్తిరించే ఆయన ఒడియా ఆయనైతే "ఉపర కాటంతు నాహిఁ" అంటే పైన కత్తిరించవద్దని అర్థమవుతుంది. పని జరుగుతున్నంతసేపూ అద్దంలో చూస్తూ ఉండండి, ఫోను జేబులో పెట్టేయండి.

చెవుల పైన జుట్టు పక్కలకు నిక్కడానికి కారణం, కిందికి లాగేంత బరువు దానికి ఇంకా రాకపోవడం. కత్తిరిస్తే మళ్ళీ మొదటికి వస్తారు. తలస్నానం చేశాక తడి ఆరకముందే కిందికి, చెవి వెనక్కి దువ్వి, పలుచటి గాముచా గట్టిగా బిగించకుండా చుట్టి, పది నిమిషాలు ఉంచండి. మన దగ్గర ప్రతి ఇంట్లో ఉండే ఆ నూలు గుడ్డ మందపాటి తువాలు కంటే మేలు: నీరు పీల్చుకుంటుంది, జుట్టును రాపాడించదు. విప్పాక రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని, పైపైన రాయండి. మరీ ఒత్తు జుట్టయితే చెవి దగ్గర లోపలి పొరలో కొంచెం పలచన చేయించుకోవచ్చు. పై పొరలో మాత్రం ఒప్పుకోకండి, ఆ పొట్టి ముక్కలు నెలల తరబడి నిక్కి ఉంటాయి.

4. కళ్ళలో పడేటప్పుడు

హెయిర్ బ్యాండ్ పెట్టుకోవడానికి మొహమాటపడకండి. ఇంట్లో ఉండే నల్ల పిన్నులు కూడా పనికొస్తాయి. ముడి వేసేంత పొడవు వచ్చాక వదులుగా వేయండి. రోజూ బిగించి కడితే నుదుటి అంచున కుదుళ్ళు దెబ్బతిని జుట్టు ఊడుతుంది, ఏళ్ళ తరబడి అలా చేస్తే తిరిగి రాకపోవచ్చు. ఉత్త రబ్బరు బ్యాండు జుట్టును తెంపుతుంది కాబట్టి గుడ్డ చుట్టినదే కొనండి. రాత్రి విప్పేయండి. తడి జుట్టు మీద హెల్మెట్ పెట్టకండి, ఆరాక కూడా లోపల ఒక నూలు గుడ్డ ఉంటే మంచిది.

5. తలస్నానం, దువ్వెన

వారానికి రెండు మూడుసార్లు తలంటుకుంటే చాలు. తడి జుట్టు తొందరగా తెగుతుంది కాబట్టి పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. చుండ్రు ఉంటే మాడుకు నూనె పట్టించి రాత్రంతా ఉంచకండి, అది చుండ్రును పెంచుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. పొడవు పెరిగాక అవే చేతికి ఎక్కువగా కనిపిస్తాయి, కంగారు పడనక్కర్లేదు.

6. ఇంట్లో వాళ్ళతో

"ఏమైనా మొక్కుకున్నావా?" అని అడుగుతారు. పెళ్ళైనవాళ్ళయితే కోడలికి నెల తప్పిందా అని చుట్టాలు ఆశగా చూస్తారు. మొదటి నెలలోనే ఇష్టపడి పెంచుతున్నానని చెప్పేయండి. అమ్మకు బాధ పొడవు గురించి కాదు, కొడుకు పట్టించుకునేవాళ్ళు లేనట్టు కనబడుతున్నాడని. మెడ శుభ్రంగా, గడ్డం అంచు సరిగ్గా, చొక్కా ఇస్త్రీతో ఉంటే ఆ మాట సగం తగ్గుతుంది. తిరుపతికో సింహాచలానికో నిజంగానే మొక్కుకుని పెంచుతుంటే మాత్రం, మధ్యలో కత్తెర వేయవచ్చో లేదో ఇంటి పెద్దలను అడిగాకే మూడో మెట్టు పాటించండి.

7. తీయించేద్దామని అనిపించినప్పుడు

ఒకసారైనా అనిపిస్తుంది, ఎక్కువగా ఎవరి పెళ్ళికో ముందు. అప్పుడు వెనక మెడ, గడ్డం సరిచేయించుకుని ఒక వారం ఆగి చూడండి. జుట్టు చుబుకం కిందికి దిగాక మూడు నాలుగు నెలలకొకసారి కొసలు పావు అంగుళం తీయిస్తే చాలు.