వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ కన్వర్టిబుల్ కొంటున్నారా? ముందు ఒక నీళ్ల బాటిల్ పట్టుకెళ్లండి

బీచ్ రోడ్డులో టాప్ దించుకుని రుషికొండ వైపు వెళ్తున్న కారును చూసి మనసు పారేసుకోని వాళ్లు తక్కువ. నేనూ పారేసుకున్నవాడినే కాబట్టి ఎవరినీ వద్దనను. కాకపోతే దూర ప్రయాణాలు హాయిగా చేయడానికి కట్టిన ఈ గ్రాండ్ టూరర్ జాతి కన్వర్టిబుల్‌ను (టాప్ దిగే కారును) మామూలు సెడాన్ చూసినట్టు చూసి, బానెట్ ఎత్తించి సౌండ్ విని, మీటరు మీద కిలోమీటర్లు చదివి అడ్వాన్స్ ఇచ్చేస్తే మాత్రం ఇరుక్కుంటారు. ఇంజిన్ సంగతి మంచి మెకానిక్ ఎవరైనా స్కానర్ పెట్టి చెప్పేస్తాడు. ఈ కారులో ఖర్చు దాక్కునేది పైకప్పు కోసేసిన చోట, నీళ్లు దిగే చోట.

పైకప్పు తీస్తే ఏమవుతుందో తెలియాలంటే ఇంట్లో స్వీట్ షాపు అట్టపెట్టె ఒకటి తీసుకోండి. మూత ఉన్నంతసేపు ఎంత మెలిపెట్టినా బిగువుగా ఉంటుంది, మూత తీసి ఎదురెదురు మూలలు పట్టుకుని తిప్పితే చేతిలోనే వంకర పోతుంది. కారు బాడీ కూడా అంతే. పోయిన ఆ బిగువును ఇంకోచోట నుంచి తెచ్చుకోవాలి కాబట్టి డోర్ల కింద గడపలాంటి భాగాన్ని లావు చేస్తారు, ముందు అద్దం ఫ్రేములో గట్టి స్టీలు పెడతారు, ఫ్లోర్ కింద అడ్డంగా బ్రేసులు, అంటే ఊతకడ్డీలు, బిగిస్తారు, వెనక సీటు వెనకాల గోడలా ఒకటి కడతారు. ఇదంతా బరువే. మూడో తరం బెంట్లీ కాంటినెంటల్ జీటీలో డబ్ల్యూ12 ఇంజిన్ కూపే (పైకప్పు కదలని మోడల్) 2,244 కిలోలైతే అదే కారు టాప్ దిగే మోడల్ 2,414 కిలోలు. తేడా 170 కిలోలు, అంటే ఇద్దరు మనుషులు ఎప్పుడూ కారులో కూర్చుని ఉన్నట్టే.

అందుకే నా పద్ధతి ఇది. సెల్లార్ ర్యాంపు మొదట్లో కారును కాస్త ఏటవాలుగా ఆపించి, ఒక్క ముందు చక్రం మాత్రమే ఎత్తు మీద ఉండేలా చూసుకుని రెండు డోర్లూ తెరిచి మూస్తాను. మామూలుగా పడిపోవాలి. ఎక్కడైనా పట్టేస్తున్నా, డోరుకీ బాడీకీ మధ్య సందు పైన ఒకలా కింద ఒకలా అనిపించినా ఆ బండి ఎప్పుడో గట్టిగా గుద్దుకుని ఉంటుంది, లేదా కింద బ్రేసులు విప్పి సరిగ్గా బిగించి ఉండరు. తర్వాత రోడ్డెక్కి, టాప్ దించి, కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా నడుపుతూ లోపలి అద్దంలో వెనక బండ్లను చూడండి. పాత కార్లలో కొంచెం వణుకు సహజమే కానీ వెనక వచ్చే ఆటో నంబర్ ప్లేటు చదవలేనంతగా అద్దం అదురుతుంటే అది వయసు కాదు, జబ్బు.

ఇప్పుడు టాప్. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచండి, ఎందుకంటే దీన్ని నడిపే మోటారు బ్యాటరీని బాగా పీల్చేస్తుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మూడుసార్లు తెరిచి మూయించండి. ఒక్కసారి పనిచేయడం ఏ బండైనా చేస్తుంది. ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన సమయం ముందే తెలుసుకుని వెళ్లండి: పైన చెప్పిన బెంట్లీకి 19 సెకన్లు, బీఎండబ్ల్యూ జెడ్4కి 10, మెర్సిడెస్ సీఎల్ఈ క్యాబ్రియోలెట్‌కు 20. మూడోసారికి బాగా నెమ్మదిస్తే, మధ్యలో ఒక పక్క ముందు, ఒక పక్క వెనక వెళ్తే, టాప్‌ను ఆయిల్ ఒత్తిడితో కదిపే హైడ్రాలిక్ సిలిండర్ ఏదో ఆయిల్ వదులుతోందని అనుమానించండి. ముందు అద్దం పైన లాక్ పడే చోట లైనింగ్‌ను వేలితో తడిమి చూడండి, జిడ్డు తగలకూడదు. డోర్ హ్యాండిల్ లాగగానే గ్లాసు కాస్త కిందికి దిగి, డోర్ పడ్డాక మళ్లీ పైకెళ్లి రబ్బరులో ఒదగాలి. ఈ చిన్న కదలిక లేకపోతే గ్లాసు ప్రతిసారీ రబ్బరును కొడుతూనే ఉంటుంది, రబ్బరు చిరిగితే వానొస్తే మీ భుజం మీదే. చాలా మోడళ్లలో కారు తిరగబడితే వెనక సీట్ల వెనక నుంచి కడ్డీలు వాటంతటవే పైకి లేస్తాయి, దాని వార్నింగ్ లైటు కీ ఆన్ చేయగానే వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు నోరు మూయించారన్నమాట.

ఇక బాటిల్ సంగతి. మా బావ ఒకటి నచ్చిందంటే సిరిపురంలో ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్లాం. తొమ్మిది వేల కిలోమీటర్లే తిరిగింది, తెల్ల లెదర్, టాప్ మీద ఒక్క మరక లేదు. అమ్మేవాయన “చుక్క నీరు రాదండీ” అన్నాడు. రాదనే నేనూ అనుకున్నాను, కానీ అలవాటు కొద్దీ టాప్ సగం తెరిపించి, వెనక మూలలో గుడ్డ మడత కింద వాననీళ్లు బయటికి పోవడానికి ఉండే కాలువలో రెండు లీటర్ల బాటిల్ నెమ్మదిగా వంచాను. మామూలుగా అయితే నిమిషంలో చక్రం వెనక నుంచి కింద కారిపోవాలి. ఇక్కడ నీళ్లు అలాగే నిలబడిపోయాయి, అందులో బాదం ఆకు తొడిమ ఒకటి తేలుతూ. బూట్ కార్పెట్ ఎత్తితే కింద గుంటలో అప్పటికే పాత నీళ్లున్నాయి, టాప్‌ను నడిపే పంపు అందులో సగం మునిగి ఉంది. బావ వంగి చూసి “ఏటి బావా, కారా చేపల తొట్టా ఇది?” అన్నాడు. అమ్మేవాయన మొహం చూడలేకపోయాం, ఆయనకు నిజంగానే తెలియదు పాపం.

తక్కువ కిలోమీటర్లు చూసి పొంగిపోవద్దనేది అందుకే. కదలకుండా చెట్టు కింద నిలబడ్డ కన్వర్టిబుల్ కంటే వారానికోసారి భీమిలి దాకా వెళ్లొచ్చినది నయం. అలాగే కార్పెట్ చేత్తో నొక్కి చూడండి, డోర్లు మూసి ఐదు నిమిషాలు కూర్చుని వాసన పట్టండి. కారులో పెర్ఫ్యూమ్ ఘాటుగా కొట్టిందంటే నాకు డౌటే.

కాలువ పూడితే ఇనప తీగ పెట్టకండి, కంప్రెసర్ గాలి కొట్టించకండి, లోపల గొట్టం జాయింట్ దగ్గర ఊడితే డాష్ నుంచి డిక్కీ దాకా విప్పుకోవాలి. గడ్డి కోసే మెషీన్‌కు వాడే నైలాన్ తీగ చాలు, కొనను కాస్త గుండ్రంగా చేసి నెమ్మదిగా తోయండి. వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి.

గుడ్డ టాపా, రేకు టాపా అని అడుగుతారు చాలామంది. నా ఓటు గుడ్డకే. మంచి టాప్‌లో పైన నేత గుడ్డ, మధ్యలో రబ్బరు పొర, లోపల లైనింగ్ ఉంటాయి, నీళ్లు ఆపేది ఆ మధ్య పొరే. గుడ్డ తేలిక, మడిస్తే తక్కువ చోటు తింటుంది, పాడైతే గుడ్డ ఒక్కటీ మార్పించుకోవచ్చు. మన ఊళ్లో దాని శత్రువులు రెండు. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము, సముద్రపు ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీళ్లు పీల్చుకుని కరుగుతుంది, వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మన దగ్గర ఏడాదిలో చాలా రోజులు అదే పరిస్థితి కాబట్టి కారు మీద పడ్డ ఉప్పు ఎండిపోయి ఊరుకోదు. సముద్రం పక్కన తిరిగొచ్చిన రోజు మంచినీళ్లతో, పైపు ధార తక్కువ పెట్టి, కింది బ్రేసులు కూడా తడిసేలా కడగండి. గుడ్డకైతే ముందు వ్యాక్యూమ్, తర్వాతే నీళ్లు, దుమ్ము ఉండగా తడి చేసి రుద్దితే ఆ నలుపు నేతలోకి దిగిపోతుంది. వాటర్ వాష్ కుర్రాడు ప్రెషర్ గన్ పట్టుకుని రబ్బర్ల దగ్గరికి వస్తుంటే మొహమాటపడకుండా ఆపేయండి. రబ్బర్లకు వాసెలిన్, ఇంజిన్ ఆయిల్ లాంటివి రాయకూడదు, ఉబ్బిపోతాయి. వాటి కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా చాలు. తడి టాప్‌ను మడిచి ఉంచితే రెండు రోజుల్లో బూజు వాసన, మన ఉక్కకు ఇంకా త్వరగా.

ఒకటి మర్చిపోయాను. టాప్ దిగినప్పుడు బూట్‌లో మిగిలే చోటును మీ సొంత సూట్‌కేసు పెట్టి చూసుకోండి. లోపలి అడ్డు తెర కిందికి లాగితే తప్ప టాప్ దిగదు, ఆ తెర కింద పట్టేదే మీ సామాను. విజయవాడ దాకా 350 కిలోమీటర్లు హాయిగా వెళ్లడానికే గ్రాండ్ టూరర్ అంటారు కానీ, టాప్ దించితే సింహాచలం పనసకాయ ఒక్కటి కూడా పట్టని బూట్లు నేను చూశాను. మా బావ చివరికి కొన్న దానిలోనూ పట్టదు, వెనక సీట్లో సీటు బెల్టు పెట్టి తెస్తాడు.