తప్పుల భయం లేకుండా క్రియేటివ్ జర్నల్ రాయడం ఎలా?

క్రియేటివ్ జర్నల్ అంటే రాతలూ, బొమ్మలూ, అతికించిన కాగితాలూ కలిసిన సొంత డైరీ. దానికోసం అందమైన ఖరీదైన నోట్‌బుక్ కొని, పాడవుతుందేమోనని బీరువాలో దాచేసినవాళ్లు చాలామందే ఉంటారు. అందుకే మొదట చవక పుస్తకం కొనండి. హైదరాబాద్ కోఠిలో ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికే రూళ్లు లేని నోట్‌బుక్ చాలు. స్కెచ్ పెన్ ఇంకు వెనక పేజీకి దిగితే దిగనివ్వండి, అక్కడ ఏదైనా అతికించుకోవచ్చు. వాటర్ కలర్స్ వేస్తానంటే మాత్రం 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), అంతకన్నా మందం కాగితం ఉండాలి.

కొన్నాక మొదటి పేజీని కావాలనే పాడుచేయండి. చాయ్ సాసర్ అడుగు తడిగా ఉన్నప్పుడే కాగితం మీద ఒత్తితే గోధుమరంగు వలయం పడుతుంది. దాని చుట్టూ పిచ్చిగీతలు గీసి, తేదీ వేయండి. ఇక ఆ పుస్తకాన్ని చూస్తే టెన్షన్ ఉండదు.

తర్వాత అతికించడానికి కాగితాలు పోగేయండి. బస్ టికెట్, జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్తే ఎంట్రీ టికెట్, ఉస్మానియా బిస్కెట్ల డబ్బా మీది బొమ్మ, ఏదైనా సరే. ఒక్క జాగ్రత్త: మెషిన్‌లోంచి వచ్చే టికెట్ థర్మల్ కాగితం. వేడికీ వెలుతురుకీ అక్షరాలు వెలిసిపోతాయి. ఎక్కడెక్కి ఎక్కడ దిగారో, ఛార్జీ ఎంతో పక్కనే పెన్నుతో రాసుకోండి. నీళ్ల జిగురు ఎక్కువైతే పేజీ ముడతలు పడుతుంది, గ్లూ స్టిక్ మేలు.

రాసేటప్పుడు ఫోన్‌లో పది నిమిషాలు టైమర్ పెట్టి, పెన్ను ఆపకండి. ‘నాంపల్లిలో వాన. ఆటో అన్న నూట యాభై అన్నాడు, నూట ఇరవైకి వచ్చాడు. చెప్పులు తడిసినయ్.’ ఇంతే చాలు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిసిపోయినా పర్లేదు, ఈ ఊళ్లో మనం మాట్లాడేదే అలా. మనసులోని బాధను రాయడంపై 1986లో పరిశోధన ప్రచురించిన అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నేబేకర్ కూడా స్పెల్లింగ్, వ్యాకరణం పట్టించుకోకుండా రాయమనే విద్యార్థులకు చెప్పారు.

బొమ్మ వేయాలనిపిస్తే చార్మినార్ మొత్తానికి దిగకండి. ఒక్క మినార్ వంకరపోగానే పేజీ చించేయబుద్ధవుతుంది. ఒక తోరణం, లేదా లాడ్ బజార్ గాజు ఒకటి గీయండి చాలు. గాజునే కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకున్నా తప్పులేదు, నాకైతే అదే ఇష్టం.

నచ్చని పేజీ మీద ఇంకో కాగితం అతికించండి, చించొద్దు. మొదటి నెల ఎవరికీ చూపించకండి, ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టకండి. చూసేవాళ్లున్నారంటే చెయ్యి దానంతటదే అందంగా రాయాలని తంటాలు పడుతుంది.