స్పిన్నర్ తిరుగుతూనే ఉందా? ఎర్రర్ ఎక్కడ ఆగిపోయిందో వెతకండి

వెనక నోడ్ (జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపేది) మీద ఎక్స్‌ప్రెస్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ముందు రియాక్ట్ పేజీ, మధ్యలో రిక్వెస్టులను సర్వర్‌కు అందించే ఇంజిన్‌ఎక్స్. మన దగ్గర చిన్న, మధ్యస్థాయి ప్రాజెక్టుల్లో తరచుగా కనిపించే ఏర్పాటు ఇది, అందుకే ఇక్కడి ఉదాహరణలన్నీ దాని మీదే. వేరే భాషలో రాసేవాళ్లకు పేర్లు మారతాయి గానీ తంటాలు ఇవే.

కోడ్ తిరగేసే ముందు బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఆ రిక్వెస్ట్ పక్కన ఏముందో చూడండి. పెండింగా, 502నా (ఇంజిన్‌ఎక్స్‌కు సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదు), 500నా (సర్వర్ లోపల తప్పు), లేక 200నా (అంతా బాగుంది)? సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది.

బటన్ నొక్కితే స్పిన్నర్ ఆగదు, లేదా ఉన్నట్టుండి 502 వస్తుంది

ఎక్స్‌ప్రెస్ 4 వాడుతుంటే ముందు అనుమానించాల్సింది ఎసింక్ హ్యాండ్లర్‌నే, అంటే రిక్వెస్ట్‌కు జవాబిచ్చే ఎసింక్ ఫంక్షన్‌నే. లోపల అవెయిట్ పెట్టిన డేటాబేస్ కాల్ విఫలమైతే ఆ హ్యాండ్లర్ తిరిగిచ్చే ప్రామిస్ (తర్వాత రాబోయే ఫలితానికి గుర్తు) రిజెక్ట్ అవుతుంది. కానీ ఎక్స్‌ప్రెస్ 4 ఆ ప్రామిస్ వైపు చూడదు. ఎర్రర్ వచ్చిన సంగతి దానికి తెలియదు, కాబట్టి జవాబూ పంపదు.

తర్వాత ఏం జరుగుతుందన్నది నోడ్ వెర్షన్‌ను బట్టి ఉంటుంది. 2020లో వచ్చిన నోడ్ 15 నుంచి, ఎవరూ పట్టుకోని రిజెక్షన్ వస్తే ప్రాసెస్ మొత్తం పడిపోతుంది. ఇంజిన్‌ఎక్స్ 502 చూపిస్తుంది. పీఎం2 లాంటి ప్రాసెస్ మేనేజర్ వెంటనే మళ్లీ లేపుతుంది కాబట్టి మీకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ ఆ క్షణంలో నడుస్తున్న మిగతా వాళ్ల రిక్వెస్టులు కూడా తెగిపోయి ఉంటాయి. "అప్పుడప్పుడు ఎందుకో 502 వస్తోంది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

దీన్ని ఆపడానికి కొందరు ప్రాసెస్ స్థాయిలో అన్‌హ్యాండిల్డ్ రిజెక్షన్‌ను పట్టుకుని లాగ్ చేసి ఊరుకుంటారు. ప్రాసెస్ పడదు నిజమే. జవాబు మాత్రం వెళ్లదు. ఇంజిన్‌ఎక్స్ మామూలుగా 60 సెకన్లు చూసి 504 (టైమౌట్) ఇస్తుంది, అప్పటిదాకా స్పిన్నరే.

అసలు పరిష్కారం: 2024లో వచ్చిన ఎక్స్‌ప్రెస్ 5కు మారితే రిజెక్ట్ అయిన ప్రామిస్‌లోని ఎర్రర్‌ను తనంతట తనే ఎర్రర్ హ్యాండ్లర్‌కు చేరుస్తుంది. మారడం కుదరకపోతే ప్రతి ఎసింక్ హ్యాండ్లర్‌నూ ఒక చిన్న ఫంక్షన్‌లో చుట్టి, క్యాచ్ అయినదాన్ని నెక్స్ట్‌కు (ఎర్రర్‌ను ఎర్రర్ హ్యాండ్లర్‌కు పంపే ఫంక్షన్) అందించండి. ఒక్క జాగ్రత్త. సెట్‌టైమౌట్ లోపలో, పాత తరహా కాల్‌బ్యాక్ లోపలో త్రో చేస్తే వెర్షన్ 5 కూడా పట్టుకోలేదు. అక్కడ మీరే నెక్స్ట్‌ను పిలవాలి.

ఎర్రర్ హ్యాండ్లర్ రాశాను, అయినా ఎక్స్‌ప్రెస్ సొంత పేజీయే వస్తోంది

ఆ ఫంక్షన్‌కు నాలుగు ఆర్గ్యుమెంట్లు ఉన్నాయేమో లెక్కపెట్టండి. నాలుగు ఉంటేనే అది ఎర్రర్ హ్యాండ్లర్ అని ఎక్స్‌ప్రెస్ గుర్తుపడుతుంది. కోడ్‌ను తనిఖీ చేసే ఈఎస్‌లింట్ "ఈ నెక్స్ట్ వాడటం లేదు" అని గొణిగిందని ఎవరో దాన్ని తీసేసి ఉంటారు. నాలుగూ ఉంటే, అది రూట్లన్నిటి తర్వాత చివర్న ఉందో లేదో చూడండి.

కన్సోల్‌లో "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్" అనీ, పక్కన ‘<’ గుర్తూ

పేజీ జేసన్ కోసం చూస్తుంటే హెచ్‌టీఎంఎల్ వచ్చింది. అది ఇంజిన్‌ఎక్స్ వారి 502 పేజీ కావచ్చు. ఏపీఐ అడ్రస్‌లో అక్షరం తప్పితే మీ రియాక్ట్ ఇండెక్స్ పేజీయే, అదీ 200తో, తిరిగి రావచ్చు.

ఇక్కడ ఫెచ్ (సర్వర్‌కు రిక్వెస్ట్ పంపే బ్రౌజర్ సొంత ఫంక్షన్) గురించి తెలియక ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. సర్వర్ 404 ఇచ్చినా 500 ఇచ్చినా ఫెచ్ దృష్టిలో అది విజయమే. నెట్ లేనప్పుడో, కార్స్ (వేరే డొమైన్‌కు వెళ్లే రిక్వెస్టులపై బ్రౌజర్ పెట్టే నియమం) అడ్డుపడినప్పుడో మాత్రమే రిజెక్ట్ అవుతుంది. అదే పనికి వాడే యాక్సియోస్ లైబ్రరీ అలా కాదు, మామూలుగా 200ల్లో లేని ప్రతి స్టేటస్‌నూ ఎర్రర్‌గానే చూస్తుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారిన ప్రాజెక్టుల్లో క్యాచ్ బ్లాకులు అలాగే ఉండిపోయి, పని మాత్రం చేయవు. ఫెచ్ వాడేటట్టయితే ముందు ‘ఓకే’ విలువ, తర్వాత కంటెంట్ టైప్ చూసి, ఆ పైనే జేసన్ విప్పండి. సర్వర్ వైపు ఏపీఐ రూట్ల చివర జేసన్‌లో 404 ఇచ్చే హ్యాండ్లర్ ఒకటి పెట్టండి.

స్క్రీన్ మీద "సేవ్ అయింది", డేటాబేస్‌లో ఏమీ లేదు

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఎవరూ ఫిర్యాదు చేయరు. ప్రాజెక్టంతా ఖాళీ క్యాచ్ బ్లాకుల కోసం వెతకండి. కన్సోల్ లాగ్ మాత్రమే ఉన్నదీ ఖాళీ కిందే లెక్క. పట్టుకున్న ఎర్రర్‌తో అక్కడ చేయగలిగింది ఏదైనా ఉంటేనే క్యాచ్ రాయాలి, లేకపోతే పైకి వెళ్లనివ్వాలి. 200 స్టేటస్‌తో, లోపల ‘సక్సెస్: ఫాల్స్’ అని పంపే ఏపీఐలదీ ఇదే జబ్బు. మానిటరింగ్‌లో అంతా పచ్చగా ఉంటుంది.

యూజర్‌కు టేబుల్ పేర్లు, స్టాక్ ట్రేస్ కనిపిస్తున్నాయి

కారణం రెండింట్లో ఒకటి. సర్వర్‌లో నోడ్ ఎన్విరాన్‌మెంట్ ప్రొడక్షన్ అని పెట్టలేదు, లేదా ఎర్రర్ మెసేజ్‌ను ఉన్నదున్నట్టు జవాబులో పంపిస్తున్నారు.

ఎర్రర్లను రెండు జాతులుగా విడదీయండి. ముందే ఊహించినవాటికి సొంత క్లాస్ ఒకటి రాసి, అందులో స్టేటస్, యూజర్‌కు చూపాల్సిన మాట పెట్టుకోండి. ఉదాహరణకు అదే మొబైల్ నంబర్‌తో రెండోసారి నమోదు చేస్తే పోస్ట్‌గ్రెస్ 23505 కోడ్ ఇస్తుంది. దాన్ని 409గా మార్చి "ఈ నంబర్‌తో ఇప్పటికే ఖాతా ఉంది, లాగిన్ అవ్వండి" అని చెప్పొచ్చు. పాస్‌వర్డ్ మర్చిపోయిన పేజీలో మాత్రం ఖాతా ఉందో లేదో బయటపెట్టకండి. ఊహించనివన్నీ 500. యూజర్‌కు ఒక రెఫరెన్స్ నంబర్, అదే నంబర్‌తో పూర్తి వివరాలు లాగ్‌లో. ఫోన్ చేసినవాళ్లు ఆ నంబర్ చదివితే సరిపోతుంది, స్క్రీన్‌షాట్ల కోసం బతిమాలక్కర్లేదు.

మెసేజ్ తెలుగులో పెట్టగానే కొత్త ఎర్రర్ మొదలైంది

తెలుగు వాక్యాన్ని హెచ్‌టీటీపీ హెడర్‌లో పెట్టారేమో చూడండి. నోడ్ దాన్ని చెల్లని అక్షరంగా చూసి త్రో చేస్తుంది, మామూలు తప్పుకు చూపాల్సిన మెసేజే 500గా మారుతుంది. మెసేజ్ బాడీలోనే వెళ్లాలి.

ఇంకో తంటా వాలిడేషన్‌లో. ఫీల్డ్ పేరుకు ‘ను నింపండి’ అని అతికించే టెంప్లేట్ "పేరును నింపండి" వరకు బాగానే ఉంటుంది. తర్వాతి ఫీల్డ్‌లో "గ్రామంను నింపండి" అంటుంది. గ్రామాన్ని అనాలని టెంప్లేట్‌కు తెలియదు కదా. సర్వర్ నుంచి కోడ్ మాత్రమే పంపి, ప్రతి ఫీల్డ్‌కూ పూర్తి వాక్యం పేజీలోనే రాసుకోవడం మేలు. "చెల్లని ఇన్‌పుట్" బదులు "మొబైల్ నంబర్‌లో 10 అంకెలు ఉండాలి" అనండి. ఆ మాట ఆ బాక్స్ కిందే ఉండాలి, టైప్ చేసింది చెరిగిపోకూడదు.

ఫీజు రెండుసార్లు కట్ అయింది

పేమెంట్ రిక్వెస్ట్ టైమౌట్ అయితే "విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అని చూపిస్తున్నారు. టైమౌట్ అంటే జవాబు రాలేదని మాత్రమే, డబ్బు వెళ్లలేదని కాదు. పాపం, యూజర్ మీరు చెప్పినట్టే మళ్లీ నొక్కాడు. ప్రతి చెల్లింపుకూ ఒక ఐడెంపొటెన్సీ కీ (ఆ చెల్లింపును గుర్తుపట్టే ప్రత్యేక కోడ్) పంపండి, మళ్లీ నొక్కినా అదే వెళ్లాలి, అదే కీ రెండోసారి వస్తే సర్వర్ పాత ఫలితాన్నే తిరిగివ్వాలి. స్క్రీన్ మీద "మీ చెల్లింపు ఇంకా ఖరారు కాలేదు. డబ్బు కట్ అయి ఉంటే మళ్లీ కట్టకండి, స్థితి ఇక్కడ చూడండి" అని రాసి, కింద స్థితి చూసే లింక్ ఇవ్వండి.

ఇవన్నీ సరిచేశాక టెస్ట్ సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్‌ను ఆపేసి ప్రతి స్క్రీన్ తెరిచి చూడండి. తర్వాత డెవ్‌టూల్స్‌లో ఆఫ్‌లైన్ పెట్టి ఇంకోసారి. "ఫెయిల్డ్ టు ఫెచ్" అన్న ఇంగ్లిష్ ముక్క ఎక్కడైనా యూజర్‌కు కనిపిస్తే, సరిచేయాల్సిన క్యాచ్ బ్లాక్ ఒకటి ఇంకా మిగిలే ఉంది.