గద్ద ఫోటోలతో గండభేరుండం ఎలా చేయాలి?

అమ్మమ్మ కథల్లో రాజకుమారుణ్ణి ఏడు సముద్రాలు దాటించిన పక్షి గుర్తుందా? రెండు తలలు, ఒకటే ఒళ్లు. 1529 నుంచి 1542 దాకా విజయనగరాన్ని ఏలిన అచ్యుతదేవరాయల బంగారు నాణేల మీద ఆ గండభేరుండం ముక్కులతో, గోళ్లతో ఏనుగుల్ని పట్టుకుని కనిపిస్తుంది. కర్ణాటక ప్రభుత్వ చిహ్నంలో ఇప్పటికీ ఉంది. అలాంటి పక్షి నిజం మబ్బుల్లో ఎగురుతున్నట్టు ఒక బొమ్మ చేద్దాం. మనకు కావలసింది మూడు గద్ద ఫోటోలు, ఒక ఆకాశం ఫోటో, ఒక చిన్న కొంగల గుంపు ఫోటో.

ముందే ఒక మాట. ఇలాంటి బొమ్మలు చెడేది కత్తిరింపు దగ్గర కాదు, వెలుతురు దగ్గర. నా మొదటి గండభేరుండానికి ఒకే తల ఫోటో తీసుకుని, రెండో తల కోసం దాన్నే అద్దంలోలా తిప్పి అతికించాను. అంచులు చక్కగా కుదిరాయి. అయినా చూసిన ప్రతివాళ్లూ ‘ఏదో తేడాగా ఉంది’ అన్నారు కానీ అదేమిటో ఎవరూ చెప్పలేకపోయారు. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది. ఎడమ తల మొహం మీదా ఎండే, కుడి తల మొహం మీదా ఎండే. ఆకాశంలో ఇద్దరు సూర్యులున్నట్టు!

ఫోటోలు తీయడం

దీనికి బాగా సరిపోయేది తెల్ల తల, ఇటుక రంగు రెక్కలు ఉండే గరుడ పక్షి. చేపల రేవుల దగ్గర తరచుగా కనిపిస్తుంది. నేను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తీస్తాను. పడవలు చేపలు దించే వేళకి వాటంతటవే వస్తాయి కాబట్టి మాంసం ముక్కలు విసిరి పిలవాల్సిన పని లేదు, పిలవకూడదు కూడా. గూళ్ల జోలికి అసలు వెళ్లొద్దు.

సూర్యుడు లేచిన మొదటి గంటలోనే తీయండి. ఎండ అప్పుడు పక్కనుంచి వస్తుంది కాబట్టి రెక్కల అడుగు భాగం కూడా వెలుగుతుంది. పదకొండు గంటలకి తీస్తే పొట్ట నల్లగా వస్తుంది, దాన్ని తరవాత ఎంత తెల్లబరిచినా బూడిద పూసినట్టే ఉంటుంది.

షట్టర్ 1/2000 సెకను, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) ఎఫ్/6.3 దగ్గర, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగుని పట్టే మోతాదు) ఆటో, ఫోకస్ కంటిన్యువస్ (కదిలే పక్షిని వెంటాడేది), రా ఫైల్ (కెమెరా సవరించని అసలు ఫైల్). పక్షి వెనక ఆకాశం వెలుగుగా ఉంటే ఎక్స్‌పోజర్ కొంచెం పెంచమని అందరూ చెబుతారు. ఈ పక్షి విషయంలో ఆ సలహా గుడ్డిగా పాటించకండి. ఎండ నేరుగా పడుతుంటే తెల్ల తల మీది సన్న గీతలు చెరిగిపోయి సున్నం ముద్ద మిగులుతుంది. ఒకటి తీసి, తలని జూమ్ చేసి చూసి, అప్పుడు పెంచాలో తగ్గించాలో తేల్చుకోండి.

ఇక రెండు తలల సంగతి. గద్ద చక్కర్లు కొడుతుంది కదా, ఆ ఒక్క చుట్టులోనే పని అయిపోతుంది. ఎండకి ఎదురుగా ఎగిరినప్పుడు ఒక తల, ఎండకి వీపు పెట్టి తిరిగి వెళ్లేటప్పుడు ఇంకో తల. ఒక దాని మొహం వెలుగులో, ఇంకోదాని మెడ వెనక భాగం వెలుగులో ఉంటుంది. బొమ్మకి కావలసింది సరిగ్గా అదే. మూడో ఫోటో నెత్తి మీదుగా వెళ్తూ రెక్కలు పూర్తిగా చాచినప్పుడు తీయండి. అది ఒళ్లు.

ఆకాశం కోసం వేరే రోజు వెళ్లినా ఫరవాలేదు, వేళ మాత్రం అదే ఉండాలి. సాయంత్రం ఎరుపు మబ్బులు ఎంత ఊరించినా, మీ పక్షి మీద పడ్డ ఎండ తెల్లగా ఉంటే వాటిని వదిలేయండి. వెలుతురు వచ్చే వైపు ఎదురుబొదురైతే చింతలేదు, ఆకాశాన్నే అటూ ఇటూ తిప్పేయండి. మబ్బుకి ఏది కుడో ఏది ఎడమో ఎవరికి తెలుసు? పక్షిని మాత్రం తిప్పకండి.

ఆకాశం నుంచి పక్షిని వేరు చేయడం

ఫోటోషాప్ అయినా, ఉచితంగా దొరికే జింప్ అయినా, బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీ అయినా సరే. కింద చెప్పినవి ఫోటోషాప్ పేర్లు. మిగతావాటిలో మెనూ చోటు మారుతుంది, ఒకటి రెండు పనిముట్లు లేకపోవచ్చు కూడా.

సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే పక్షి వచ్చేస్తుంది కానీ రెక్క చివర వేళ్లలా విడిపోయిన ఈకల మధ్య నీలం మిగిలిపోతుంది. అందుకని చానెల్స్ వాడతాను, అంటే ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లని విడివిడిగా నలుపు తెలుపుల్లో చూపేవి. ఇటుక రంగులో నీలం దాదాపు ఉండదు, ఆకాశంలో దండిగా ఉంటుంది. కాబట్టి రెక్కల కోసం బ్లూ చానెల్‌కి నకలు తీసి, లెవెల్స్‌తో నలుపు తెలుపులు విడగొట్టి, ఇన్వర్ట్ (నలుపు తెలుపుల తారుమారు) చేయండి. రెక్క ఒక్కో ఈకతో సహా తెల్లగా తేలుతుంది. తల దగ్గర ఈ కిటుకు పనిచేయదు. తెలుపులోనూ నీలం నిండుగా ఉంటుంది మరి. తల కోసం రెడ్ చానెల్ తీసుకోండి. అందులో ఆకాశం ముదురుగా, తల తెల్లగా కనబడతాయి, ఇన్వర్ట్ కూడా అక్కర్లేదు. మధ్యలో మిగిలిన చిల్లుల్ని తెల్ల బ్రష్‌తో పూడ్చి, నకలు మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే సెలెక్షన్ వస్తుంది. దాన్ని లేయర్ మాస్క్‌గా మార్చండి. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొర, మాస్క్ అంటే దానికి వేసే ముసుగు: తెలుపున్న చోట బొమ్మ కనబడుతుంది, నలుపున్న చోట దాగుతుంది. ఎరేజర్ ముట్టుకోకండి, చెరిపింది మళ్లీ రాదు.

తెల్లగా పాలిపోయిన ఆకాశం ముందు తీసిన తల అయితే ఈ రెండూ ఫలించవు. ఇంకో ఉదయం వెళ్లడమే నయం.

తలలు అతకడం

ఒళ్లు ఫోటోలోని అసలు తలని మాస్క్‌తో దాచేయండి. రెండు తలల్నీ తెచ్చి, కన్ను నుంచి ముక్కు కొస దాకా ఉన్న దూరం రెండింటిలో ఒకటే వచ్చేలా సైజు కుదించండి. ఒక్కోదాన్ని బయటికి దాదాపు 30 డిగ్రీలు వంచండి. అంతకన్నా ఎక్కువైతే మెడ విరిగినట్టుంటుంది. మెడ వంపు కోసం, పిన్నులు గుచ్చి బొమ్మని వంచే పప్పెట్ వార్ప్‌లో మూడు పిన్నులు చాలు: గొంతు, మెడ మధ్య, రొమ్ము.

అతుకు ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. ఈ పక్షికి తెలుపు తల దగ్గర ఆగదు, రొమ్ము దాకా దిగుతుంది, దాని మీద సన్నటి గీతలుంటాయి. అతుకు ఆ తెలుపులోనే, గీతల వెంబడే నడవాలి. మెత్తటి గుండ్రటి బ్రష్‌తో మాస్క్ కలిపితే పొగమంచు పట్టినట్టు అవుతుంది. రెండు మూడు పిక్సెళ్ల గట్టి బ్రష్ తీసుకుని, ఈక మొలిచే దిక్కులో చిన్న చిన్న గీతలు గీయండి. గంట పడుతుంది, విసుగు పుడుతుంది. వేరే దారి నాకైతే దొరకలేదు.

రెండు మెడల మధ్య సందులో నీడ ఉండాలి. కొత్త లేయర్ మల్టిప్లై (కింది రంగుని ముదురు చేసే) మోడ్‌లో పెట్టి, రెక్కల్లోంచే తీసిన ముదురు గోధుమ రంగుతో పలచగా వేయండి. నల్ల రంగు వాడితే మసి అంటినట్టుంటుంది.

మబ్బుల్లో కలపడం

పక్షి అంచుల్లో మిగిలిన పాత నీలాన్ని తీయడానికి పైన ఒక లేయర్‌ని కలర్ (రంగు మాత్రమే మార్చే) మోడ్‌లో పెట్టి, పక్షికి క్లిప్ చేసి (దాని హద్దు దాటకుండా కట్టి), పక్కనున్న ఈక రంగుతో అంచు వెంట రాయండి. తరవాత వెలుగునీడల్ని ఒక గీతతో సర్దే కర్వ్స్. దూరంగా ఉన్నదేదీ కటిక నలుపుగా కనబడదు, గాలిలోని తేమ దాన్ని పాలిపోయేలా చేస్తుంది. కర్వ్స్ గీత ఎడమ కొసని కొద్దిగా పైకెత్తితే నలుపు విరిగి పక్షి వెనక్కి జరుగుతుంది.

ఇప్పటిదాకా వచ్చింది రెండు తలల గద్ద. గండభేరుండం కావాలంటే అది పెద్దదనిపించాలి. పంజాల కింద కొంగల గుంపుని చీమలంత చిన్నగా పెట్టండి. ఒక రెక్క చివర మబ్బు వెనక్కి పోవాలి. దీనికి ఆకాశం లేయర్ నకలుని పక్షి పైకి తెచ్చి, స్క్రీన్ (కిందిదాన్ని వెలుగు చేసే) మోడ్‌లో పెట్టి, నల్ల మాస్క్ వేసి, రెక్క కొస దగ్గర మాత్రం తెల్ల బ్రష్‌తో తెరవండి. నేను ఈ పని చేసే వేళకి మా అబ్బాయి వెనక నిలబడి ‘ఇప్పుడు పెద్దదైంది నాన్నా’ అన్నాడు. పక్షి సైజు నేను ముట్టుకోనే లేదు.

ఆఖర్న గింజ, అంటే ఫోటోలో ఇసుక చల్లినట్టు కనబడే నాయిస్. పక్షి ఐఎస్‌ఓ 1600లో, ఆకాశం 100లో తీసి ఉంటారు, గింజ తేడా పట్టిస్తుంది. పక్షికి ముందు నాయిస్ తగ్గించి, అన్నిటికీ పైన 50 శాతం బూడిద రంగు లేయర్‌ని ఓవర్‌లేలో పెట్టి కొంచెం నాయిస్ కలపండి. అప్పుడు మొత్తం బొమ్మని ఎడమ కుడిగా తిప్పి చూడండి, తాత్కాలికంగా నలుపు తెలుపుల్లో చూడండి. కళ్లు అలవాటుపడి వదిలేసిన తప్పులు అప్పుడే బయటపడతాయి.

నెట్లో పెట్టేటప్పుడు ‘అనేక ఫోటోలు కలిపి చేసిన బొమ్మ’ అని కింద రాయండి, వన్యప్రాణి ఫోటోల పోటీలకి పంపకండి. నేను మొదటిసారి రాయలేదు. మా బాబాయి దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వారం తిరక్కముందే ఒకాయన ఫోన్ చేసి, హార్బర్‌లో ఏ జెట్టీ దగ్గర కనబడిందని అడిగాడు.