లాసెట్‌లో చివరి భాగం ముందు చేయండి

మొన్న పొదిలి నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో పక్క సీటు అమ్మాయి లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని దేశాలు, రాజధానులు బట్టీ పడుతోంది. నేనూ ఒకప్పుడు అలాగే పొద్దు వృథా చేశాను కాబట్టి చెబుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ లాసెట్‌లో 120 ప్రశ్నలకు 90 నిమిషాలు. అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. జనరల్ నాలెడ్జికి 30, వర్తమాన వ్యవహారాలకు 30 పోతే, మిగతా 60 న్యాయవిద్య అభిరుచి (లా ఆప్టిట్యూడ్) ప్రశ్నలే. సగం మార్కులున్న ఆ చివరి భాగాన్నే ముందు ముగించండి.

దానికి రాజ్యాంగం గట్టిగా రావాలి. నేనైతే చిన్న నోటుపుస్తకంలో ఎడమవైపు అధికరణ సంఖ్య, కుడివైపు మన చుట్టుపక్కల సంగతి రాసుకునేవాడిని. పిల్లల విద్యా హక్కు చెప్పే 21ఎ ఎదురుగా మా ఊరి బడి. ఆస్తి హక్కు చెప్పే 300ఎ ఎదురుగా రామాయపట్నం ఓడరేవు భూసేకరణ. 32 అంటే సుప్రీంకోర్టు రిట్లు (హక్కుల రక్షణకు కోర్టు ఇచ్చే ఆదేశాలు), 226 అంటే హైకోర్టు రిట్లు. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లే ఎక్కువ.

ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. ‘అపకృత్యం’ అని కనిపించి బెదిరిపోతే ఇంగ్లీషు వాక్యం చూడండి, అది మనకు తెలిసిన టార్టే, అంటే నష్టపరిహారం కోరదగ్గ సివిల్ తప్పే! తప్పుకు మార్కు కోత లేదు, కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలొద్దు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ కూడా రాసేవాళ్లు మాత్రం జాగ్రత్త, అక్కడ తప్పుకు పావు మార్కు పోతుంది.